ఇంట్లో ఒక బిడ్డకు పెద్ద జబ్బు: రెండో బిడ్డను చూసుకోవడం ఎలా

జబ్బు పడ్డ బిడ్డకు ఒక ఫైలు ఉంటుంది. ఏ పూట ఏ మందు, తర్వాతి ఫాలో-అప్ ఎప్పుడు, జ్వరం ఎంత దాటితే ఆసుపత్రికి పరుగెత్తాలి, అన్నీ అందులో ఉంటాయి. అదే ఇంట్లో ఉన్న రెండో బిడ్డకు ఏ కాగితమూ ఉండదు. "అది పెద్దది, అర్థం చేసుకుంటుంది" అన్న మాట మీదే రోజులు గడిచిపోతుంటాయి. అర్థం చేసుకోవడం నిజమే కావచ్చు, కానీ అర్థమైనంత మాత్రాన అవసరం తీరదు కదా.

ఆరోగ్యంగా ఉన్న బిడ్డ అడిగినప్పుడు ఇద్దాంలే అనుకుంటే ఆ రోజు రాదు. ఇంట్లో పరిస్థితి చూస్తూ ఏ పిల్లా నోరు తెరిచి అడగదు. అందుకని ఇవ్వాల్సినదాన్ని ముందే వేళ కట్టి, ఎవరు ఇస్తారో తేల్చి పెట్టుకోవాలి. క్యాన్సర్ ఉన్న పిల్లల కుటుంబాలకు అందాల్సిన మానసిక, సామాజిక సంరక్షణ మీద 2015లో నిపుణులు 15 ప్రమాణాలు ప్రచురించారు. వాటిలో ఒకటి పూర్తిగా తోబుట్టువుల గురించే: వాళ్లూ మానసికంగా ముప్పు ఉన్నవాళ్లే, వాళ్లకూ తగిన సాయం అందాలని. తలసీమియా (పుట్టుకతో వచ్చే రక్త జబ్బు), ఫిట్స్, గుండె జబ్బు, కండరాల క్షీణత, ఇలా ఇంటి టైంటేబుల్ ఏళ్ల తరబడి ఒకరి చుట్టూ తిరిగే ఏ జబ్బుకైనా ఇదే మాట.

ముందు నిజం చెప్పండి, జబ్బు పేరుతో సహా

జబ్బు తేలిన రెండు మూడు రోజుల్లోపే కూర్చోబెట్టి చెప్పండి. చెప్పకపోతే తెలియదనుకోవడం భ్రమ. ఫోన్లో గొంతు తగ్గించి మాట్లాడే మాటలు, బంధువుల ముఖాలు, అమ్మ ఉబ్బిన కళ్లు, అన్నీ కలిపి పిల్లలు సొంతంగా ఒక కథ అల్లుకుంటారు. అది చాలాసార్లు నిజం కన్నా ఘోరంగా ఉంటుంది.

మొదటిసారి నాలుగు సంగతులు చెబితే చాలు. జబ్బు పేరేంటి. అది ఎవరి తప్పు వల్లా రాలేదు. అంటుకుంటుందా, లేదా. రేపటి నుంచి నిన్ను బడికి ఎవరు పంపుతారు, రాత్రి నీ దగ్గర ఎవరుంటారు. ఈ చివరిదాన్ని పెద్దలు మర్చిపోతారు. పిల్లల మనసులో మాత్రం అదే ముందుంటుంది. అడిగితే స్వార్థం అనుకుంటారేమోనని ఊరుకుంటారు.

3 నుంచి 6 ఏళ్ల పిల్లలు మనసులో అనుకున్నది బయట జరిగిపోతుందని నమ్ముతారు. బొమ్మ కోసం కొట్టుకున్న రోజు "నువ్వు పోతే బాగుణ్ణు" అని ఉంటాడు. వారం తిరక్కుండా తమ్ముడు ఆసుపత్రిలో చేరాడు. ఆ లెక్క వాడు పైకి చెప్పడు. కాబట్టి అడగకపోయినా మీరే చెప్పాలి: "నువ్వు కొట్టినందుకో, తిట్టినందుకో, కోపంగా అనుకున్నందుకో తమ్ముడికి ఇది రాలేదు. జబ్బులు అలా రావు." ఒక్కసారితో అయిపోదు, అప్పుడప్పుడూ మళ్లీ చెబుతుండండి. మాటలు కూడా చూసి వాడాలి. ఆపరేషన్‌కు "నిద్రపుచ్చుతారు" అన్నామంటే ఆ రాత్రి పడుకోవడానికే భయపడతారు. "మత్తు మందు ఇస్తారు, నొప్పి తెలియదు, ఆ మందు ఆపాక మెలకువ వస్తుంది" అనండి.

7 నుంచి 11 ఏళ్ల వాళ్లకు శరీరం ఎలా పనిచేస్తుందో తెలిస్తే భయం తగ్గుతుంది. కాగితం మీద బొమ్మ గీసి, రక్తం ఎక్కడ తయారవుతుంది, ఎక్కడ చెడింది, మందు ఏం చేస్తుంది, చూపించండి. 12 దాటిన వాళ్లు జబ్బు పేరు వినగానే ఫోన్లో వెతికేస్తారు. వద్దంటే దొంగతనంగా వెతుకుతారు, కాబట్టి పక్కన కూర్చుని కలిసి చదవండి. వాళ్లు చదివింది అదే జబ్బులో వేరే రకం గురించి కావచ్చు, ఆ తేడా చెప్పేవాళ్లు ఉండాలి. ఒక ఫాలో-అప్‌కు వెంట తీసుకెళ్లి, ముందే రాసుకున్న మూడు ప్రశ్నలు డాక్టరును అడగనివ్వండి.

"చచ్చిపోతాడా?" అని అడుగుతారు, ఎక్కువగా బండి మీదో, పడుకునే ముందో, మీ ముఖం చూడనక్కర్లేని చోట. "ఛ, అలాంటి మాటలేంటి" అని నోరు మూయిస్తే ఆ ప్రశ్న మళ్లీ మీ దగ్గరికి రాదు. ఏం కాదని మాట ఇవ్వడమూ కుదరదు. ఇలా అనొచ్చు: "తగ్గించాలనే డాక్టర్లు వైద్యం చేస్తున్నారు. ఈ జబ్బు కొందరికి తగ్గదు. వీడికి ఇప్పుడు మందు పనిచేస్తోంది. ఏదైనా మారితే వేరేవాళ్ల దగ్గర వినక ముందే నీకు నేనే చెబుతాను." పని చేయకపోతే పనిచేస్తోందని అనకండి. చివరి వాక్యం అన్నిటికన్నా ముఖ్యం. దాన్ని ఒక్కసారి తప్పినా మిగతావి నమ్మరు.

వంశపారంపర్య జబ్బు అయితే "నీకు రాదు" అని తొందరపడి అనకండి. తలసీమియా ఉదాహరణ తీసుకుంటే, అమ్మానాన్నలిద్దరూ క్యారియర్లైనప్పుడు (తమకు జబ్బు లేకపోయినా దాని జన్యువును మోసేవాళ్లైనప్పుడు) ప్రతి కాన్పులోనూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు, క్యారియర్ అయ్యే అవకాశం సగం, ఏదీ లేకుండా పుట్టే అవకాశం మరో నాలుగింట ఒక వంతు. క్యారియర్ అంటే రోగి అని కాదు. ఆ సంగతి పరీక్ష చేయించేముందే పిల్లకు అర్థమయ్యేలా చెప్పాలి.

రోజుకు 15 నిమిషాలు

ఇంకేమీ చేయలేకపోయినా ఇది చేయండి. రోజూ ఒకే వేళకు 15 నిమిషాలు, అమ్మా నాన్నల్లో ఒకరు, ఆరోగ్యంగా ఉన్న బిడ్డ ఒక్కతే. ఫోన్ పక్క గదిలో. ఏం చేయాలన్నది బిడ్డ ఇష్టం. ఆ కాసేపు జబ్బు ఊసు, మార్కుల ఊసు, నీతులు ఉండకూడదు. టైమర్ పెట్టే పని బిడ్డకే ఇవ్వండి. అల్లరి చేసిందని శిక్షగా దీన్ని రద్దు చేయకండి.

చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. వారమంతా చూసుకోలేకపోయామని ఆదివారం పెద్ద ప్రోగ్రాం వేస్తారు. ఆదివారం పొద్దున జబ్బు బిడ్డకు జ్వరం. ప్రోగ్రాం పోయింది. ఇలా మూడుసార్లు జరిగితే ఆ పిల్ల ఎదురుచూడడమే మానేస్తుంది, "పర్లేదమ్మా" అనడం నేర్చుకుంటుంది. 15 నిమిషాలైతే ఎంత గడ్డు రోజులోనైనా నిలబడుతుంది. ఆసుపత్రిలో ఉన్న రాత్రి అదే వేళకు వీడియో కాల్. అదీ కుదరకపోతే వేళ దాటాక క్షమాపణ చెప్పడం కన్నా, దాటకముందే ఒక మెసేజ్, అందులో కొత్త వేళ: "ఈరోజు 8కి కుదరదు, రేపు పొద్దున 6:45కి చేస్తాను."

ఆ కాసేపట్లో జబ్బు బిడ్డ పిలిస్తే ఎవరు వెళ్లాలో ముందే అనుకోవాలి. ఇంట్లో ఇంకో పెద్ద మనిషి లేకపోతే, రోగి నిద్రపోయే వేళను ఎంచుకోండి.

దీనితోపాటు వారానికి ఒక్కటి, ఆటో పాటో క్లాసో, ఆ బిడ్డ సొంతమైనది ఆగకుండా సాగాలి. ఎవరు దింపుతారన్నదానికి ఒక పేరు, వాళ్లు రాకపోతే ఇంకో పేరు, అదీ కుదరకపోతే మూడో పేరు, గోడ మీద రాసి అంటించండి. "ఏదైనా సాయం కావాలంటే చెప్పండి" అనే బంధువులకూ ఇరుగుపొరుగుకూ ఇవ్వదగ్గ పని ఇదే: "మంగళవారం 5 గంటలకు దీన్ని ఈతకు తీసుకెళ్లి 6:30కి తీసుకురండి" అని రోజు, గంట, చోటు చెప్పి అప్పగించండి. బడి వార్షికోత్సవానికి ఎదుట కూర్చునే ఒక్క మనిషైనా ఉండాలి. ఎవరన్నది రెండు వారాల ముందే తేల్చుకోండి.

రాత్రికి రాత్రి వెళ్లాల్సి వస్తే

జబ్బు బిడ్డకు ఆసుపత్రి బ్యాగు సిద్ధంగా ఉంటుంది. రెండో బిడ్డకూ ఒకటి సర్దండి: రెండు జతల బట్టలు, ఒక యూనిఫాం, చార్జర్, తనకు ఇష్టమైన వస్తువు ఒకటి, తనకు పడని మందుల వివరాలు, ఐదు ఫోన్ నంబర్లు. పిల్లను వేరే ఇంటికి పంపడం కన్నా, వీలైతే తెలిసిన మనిషినే ఇంటికి రప్పించడం మేలు. ప్రతిసారీ అదే మనిషి అయితే ఇంకా మేలు.

పొద్దున లేచేసరికి అమ్మానాన్న లేకపోవడం ఈ పిల్లలు చాలాకాలం మర్చిపోలేని సంగతుల్లో ఒకటి. లేపి చెప్పి వెళ్లడానికి నిమిషం చాలు. అదీ వీలుకాకపోతే ఎప్పుడూ ఒకేచోట, తలుపు మీదో అద్దం మీదో, చీటీ పెట్టండి: "రాత్రి 1:30కి చెల్లికి జ్వరం వచ్చింది. నేనూ నాన్నా ఆసుపత్రికి వెళ్లాం. పిన్ని హాల్లో పడుకుంది. 7:30కి ఫోన్ చేస్తాను. అమ్మ." ఏం జరిగింది, ఎవరున్నారు, మళ్లీ ఎప్పుడు మాట్లాడతాం, ఈ మూడూ అందులో ఉండాలి. 7:30కి ఫోన్ చేయాలి.

ఆసుపత్రికి తీసుకెళ్లేటప్పుడు

ఐసీయూల్లోకి, మ్యారో (ఎముక మజ్జ) మార్పిడి వార్డుల్లోకి చాలాచోట్ల చిన్నపిల్లలను రానివ్వరు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి రాకుండా ముందే కనుక్కోండి. వస్తావా అని అడగండి. రానంటే బలవంతం వద్దు, ఫోటోనో వాయిస్ మెసేజో పంపనివ్వండి.

వస్తానంటే ముందురోజే ఫోన్లో ఫోటోలు చూపించండి: జుట్టు ఊడిన తల, ముక్కులో గొట్టం, చేతికి సెలైన్, మానిటర్. మానిటర్ కూత గురించి ప్రత్యేకంగా చెప్పండి. అది మోగిన ప్రతిసారీ ప్రమాదం ఉన్నట్టు కాదు, వేలికి పెట్టిన క్లిప్పు జారినా మోగుతుంది. ఇది తెలియని పిల్ల ఆ కూతకే బిగుసుకుపోతుంది. మొదటిసారి 20 నిమిషాలు చాలు. తనతో ఉండడానికి ఒక పెద్ద మనిషి విడిగా ఉండాలి, చేయి నొక్కగానే ఏమీ అడక్కుండా బయటికి తీసుకెళ్లేలా. ఏదైనా ఆట తీసుకెళ్లండి. మంచం పక్కన ఊరికే నిలబడడమే పిల్లలకు అన్నిటికన్నా కష్టం. తిరిగొచ్చేటప్పుడు "భయమేసిందా?" అంటే "లేదు" అనేస్తారు. "అక్కడ ఏమేం చూశావు?" అనండి.

జలుబు చేస్తే నేరస్థుణ్ణి చేయకండి

కీమో వల్ల రక్తకణాల కౌంట్స్ పడిపోయిన బిడ్డ ఇంట్లో ఉంటే రెండోవాడి తుమ్ము కూడా గండమే. ఆ జాగ్రత్తలు తప్పవు, కాకపోతే అందరికీ ఒకేలా పెట్టండి: బయటి నుంచి ఎవరొచ్చినా, నాన్న అయినా సరే, 20 సెకన్లు సబ్బుతో చేతులు, బట్టలు మార్పు. జలుబు చేస్తే వేరే గదిలో పడుకోవడం, కానీ అక్కడ తనతో ఎవరో ఒకరు. "నీ వల్లే వాడికి జ్వరం వచ్చింది" అన్న మాట ఎంత అలసటలోనూ రాకూడదు.

ఇంట్లో మిగతావాళ్ల టీకాలన్నీ సమయానికి వేయించండి. రోగనిరోధక శక్తి తగ్గిన బిడ్డకు అదే మొదటి కోట. తట్టు, ఆటలమ్మ టీకాలు తోబుట్టువులకు మామూలుగా వేయించవచ్చు. ఆటలమ్మ టీకా తర్వాత ఒంటి మీద పొక్కులొస్తే అవి తగ్గేదాకా ఇద్దర్నీ దూరంగా ఉంచాలి. పోలియోకు నోట్లో వేసే చుక్కలు ఇలాంటి ఇళ్లలో సాధారణంగా వద్దంటారు, ఇంజెక్షన్ రూపంలోది వేస్తారు. ఏ టీకాకైనా ముందు చికిత్స చేస్తున్న డాక్టరుకు ఒక మాట చెప్పండి. తరగతిలో ఎవరికైనా ఆటలమ్మ వచ్చిందని తెలిస్తే అదే రోజు ఫోన్ చేయండి, పొక్కులు కనబడేదాకా ఆగకండి. పొక్కులు రావడానికి 10 నుంచి 21 రోజులు పడుతుంది, వాటికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే అది అంటుకుంటుంది.

ఏ పని చెప్పవచ్చు, ఏది చెప్పకూడదు

నీళ్లు అందించడం, కథ చదివి వినిపించడం, తలుపు తీయడం, తన గది తాను సర్దుకోవడం, ఇవి ఏ ఇంట్లోనైనా పిల్లలు చేసేవే. మందు కొలిచి ఇవ్వడం, రాత్రి కాపలా, గొట్టాలు శుభ్రం చేయడం, పెద్దవాళ్లు లేనప్పుడు ఒంటరిగా చూసుకోవడం, ఇవి పెద్దల పనులు. 16 ఏళ్ల పిల్ల ఎంత బాగా చేసినా సరే. ఏదైనా తేడా వస్తే జీవితాంతం మోసేది ఆ పిల్లే.

అత్యవసరంలో మాత్రం ఏం చేయాలో తెలిసి ఉండడం ధైర్యాన్నిస్తుంది. ఫిట్స్ వచ్చే బిడ్డ ఉన్న ఇంట్లో నేర్పాల్సింది ఇంతే: పెద్దవాళ్లను పిలువు, గడియారం చూడు, పక్కకు తిప్పి పడుకోబెట్టు, దగ్గర్లో గట్టి వస్తువులుంటే జరుపు, నోట్లో ఏమీ పెట్టకు, గట్టిగా పట్టుకోకు, 5 నిమిషాలు దాటితే అంబులెన్సుకు ఫోన్. కార్డు మీద రాసి అంటించి, ఒకసారి ఆటలా చేయించండి.

కంటికి కనబడని బరువు ఇంకొకటి ఉంది. రాత్రి చెల్లి ఊపిరి ఆడుతుందో లేదో చూడడానికి లేచే పిల్ల, అమ్మ ఏడుస్తుంటే ఓదార్చే పిల్లాడు, ఖర్చుల లెక్కలు వింటూ తనకు కావాల్సింది అడగడం మానేసినవాడు. మీ బాధ చెప్పుకోవడానికి పెద్దవాళ్లను వెతుక్కోండి. పిల్లతో "నాకు ఈరోజు బాధగా ఉంది, నేను పిన్నితో మాట్లాడతాను, నువ్వేం చేయక్కర్లేదు" అంటే చాలు.

కోపం, అసూయ

"నాకూ జబ్బొస్తే బాగుండు" అనే పిల్ల చెడ్డది కాదు, ఆ ఇంట్లో శ్రద్ధ దేనికి దొరుకుతుందో సరిగ్గా గమనించింది. "వాడికెంత కష్టమో తెలుసా" అని మొదలుపెడితే సిగ్గుపడి మూసుకుపోతుంది. "అందరం వాడి దగ్గరే ఉంటున్నాం, నీకు కోపంగా ఉంది" అని ఆగండి, తర్వాత తనే మాట్లాడుతుంది. అనుకోవడానికి ఏదైనా అనుకోవచ్చు, కొట్టడం మాత్రం కుదరదు. ఈ గీత ఇద్దరికీ ఒకటే. జబ్బు బిడ్డ కొరికితే "పోనీలే, వాడికి బాగోలేదు" అని వదిలేయడం ఇద్దరికీ చెరుపు.

చూడడానికి వచ్చేవాళ్లు ఒకరికే బొమ్మ తెస్తారు. ఇద్దరికీ తెండి, లేకపోతే అసలు తేవద్దని ముందే ఫోన్లో చెప్పేయండి. గుమ్మంలోనే "తమ్ముడెలా ఉన్నాడు?" అని ఈ పిల్లను అడిగే అలవాటు కూడా మానిపించండి, ముందు "నువ్వెలా ఉన్నావు" అనాలి.

బడి

క్లాస్ టీచరుకు ఒక పేజీ చాలు: జబ్బు పేరు, ఇంటి పరిస్థితి, ఎవరికి ఫోన్ చేయాలి, హోంవర్కు ఆలస్యమైతే ఎన్ని రోజులు గడువు కావాలి, తరగతి ముందు ఈ విషయం అడగొద్దని. పిల్లకు తెలియకుండా రాయకండి. ఏం చెప్పవచ్చో తననే అడగండి.

ఎప్పుడు బయటి సాయం కావాలి

పరీక్షల్లో ఏమీ తేలని కడుపునొప్పి, తలనొప్పి, మానేసిన పక్కతడపడం మళ్లీ మొదలవడం, నిద్ర పట్టకపోవడం, మార్కులు పడిపోవడం, స్నేహితులకు దూరమవడం, ఇవి రెండు వారాలు దాటితే పిల్లల డాక్టరుకో కౌన్సెలరుకో చూపించండి. కడుపునొప్పిని "నటన" అనకండి, ఆ నొప్పి నిజమే. చచ్చిపోవాలని ఉందన్నా, తనను తాను గాయపరుచుకున్నా రెండు వారాలు చూడక్కర్లేదు, అదే రోజు. ఎవరూ పట్టించుకోని లక్షణం ఒకటుంది: అతి మంచితనం. ఏదీ అడగదు, ఎప్పుడూ ఏడవదు, అన్నిట్లో ఫస్టు. అందరూ మెచ్చుకుంటారు. అలాంటి పిల్లను ముందు చూడాలి.

మ్యారో ఇవ్వాల్సి వస్తే

సొంత తోబుట్టువుతో పూర్తిగా మ్యాచ్ అయ్యే అవకాశం నాలుగింట ఒక వంతు. రక్త పరీక్షకు ముందే రెండు సంగతులు చెప్పండి: మ్యాచ్ కాకపోతే అది నీ తప్పు కాదు, మ్యాచ్ అయితే తర్వాత ఏం జరిగినా అదీ నీ తప్పు కాదు. మత్తు ఇచ్చి కటి ఎముక వెనక భాగం నుంచి సూదులతో తీస్తారు. కొన్ని రోజులు నడుము నొప్పి ఉంటుంది. తీసిన మ్యారో కొన్ని వారాల్లో మళ్లీ తయారవుతుంది.

అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2010లో ఇచ్చిన విధానం ప్రకారం, మైనరు దాత కావాలంటే అంతే బాగా సరిపోయే పెద్ద వయసు బంధువు లేకపోవాలి, ఇద్దరి మధ్య మంచి అనుబంధం ఉండాలి, రోగికి మేలు జరిగే అవకాశం ఉండాలి, దాతకు ముప్పు సాధ్యమైనంత తక్కువ ఉండాలి, తల్లిదండ్రుల అనుమతితోపాటు వయసును బట్టి పిల్ల సమ్మతీ ఉండాలి. దాత తరఫున మాత్రమే మాట్లాడే మనిషి ఒకరుండాలని కూడా ఆ విధానం చెబుతుంది. మీ ఆసుపత్రిలో అలాంటివారు ఉన్నారా అని అడగండి. మార్పిడి ఫలించకపోతే ఆ వార్త దాతకు అమ్మానాన్నలే, పక్కన కూర్చుని, చెప్పాలి.

ఇది చదువుతున్నది ఆ అక్కో అన్నో అయితే

ఇంట్లో అడగడం కష్టమే, కానీ అడిగే తీరు ఒకటుంది. "మీకు నా మీద ప్రేమ లేదు" అంటే గొడవవుతుంది. "శనివారం 6కి అరగంట నాతో ఒక్కదానితోనే ఉంటావా అమ్మా" అంటే అవునో కాదో వస్తుంది. కాదంటే "మరి ఎప్పుడు?" అను. ఎదురుగా అనలేకపోతే మెసేజ్ పెట్టు. స్నేహితులు అడిగితే చెప్పడానికి ఒక వాక్యం సిద్ధంగా ఉంచుకో: "తనకు ఒంట్లో బాగోలేదు, దాని గురించి ఇప్పుడు మాట్లాడాలని లేదు." సినిమాకెళ్లి నవ్వినందుకు జబ్బు ఎక్కువవదు. ఇంటి బయట ఒక పెద్ద మనిషిని, టీచరునో బాబాయినో, ఎంచుకుని మనసులో ఉన్నదంతా వాళ్లకు చెప్పు. ఒకరు పట్టించుకోకపోతే ఇంకొకరికి చెప్పు.

చికిత్స అయిపోయాక, చికిత్సే లేకపోతే

జబ్బు బిడ్డ కోలుకుని ఇంటికొచ్చి అందరూ ఊపిరి పీల్చుకున్న నెలలో రెండో బిడ్డ మొండికేయడం, ఏడవడం మామూలే. ఇన్నాళ్లూ అణుచుకున్నది ఇక బయటికి రావచ్చని తోచింది, అంతే. 15 నిమిషాలు అప్పుడు ఆపకండి.

జీవితాంతం ఉండే స్థితి అయితే, "మా తర్వాత నువ్వే చూసుకోవాలి" అన్నది చెప్పకపోయినా ఆ పిల్ల చెవిన పడుతూనే ఉంటుంది. 15, 16 ఏళ్లు వచ్చేసరికి విప్పి మాట్లాడండి. చదువు కోసం దూరం వెళ్లవచ్చా, పెళ్లి, ఉద్యోగం ఎక్కడైనా సరేనా, ఇవి తను నోరు విప్పి అడగలేని ప్రశ్నలు. మీరే ఎత్తి జవాబివ్వండి. చూసుకోవడం అంటే ఒకే ఇంట్లో ఉండడమే కానక్కర్లేదు, డబ్బు వ్యవహారం చూడడమో, నెలకోసారి వచ్చి పోవడమో కూడా కావచ్చు, అసలు కాదనడమూ కావచ్చు. మీ తర్వాత సంరక్షకులు ఎవరు, డబ్బు ఎక్కడుంది, ఏ డాక్టరు, ఏ మందులు, రోజు ఎలా గడుస్తుంది, ఏది చూస్తే భయపడతాడు, ఏం చేస్తే ఊరుకుంటాడు, ఇదంతా రెండు మూడు పేజీల్లో రాసి, ఏటా ఒకసారి తేదీ వేసి సరిచూడండి. 18 నిండాక తనకు ఇష్టమైతే ఒక ప్రతి ఇవ్వండి.